అతుకు చెప్పిన సాక్ష్యం

మా నాన్న వడ్రంగి. మా ఊళ్ళో పాత ఇళ్ళ తలుపుల్లో సగానికి సగం ఆయన చేసినవే. తలుపు బిగించటం పూర్తి కాగానే ఆయన ఒక పని చేసేవాడు. తలుపును సగం తెరిచి, చెయ్యి తీసేసి, నిలబడి చూసేవాడు. అది తనంతట తాను మూసుకున్నా, తెరుచుకున్నా ఆయనకు నచ్చేది కాదు. బందులు ఊడదీసి మళ్ళీ బిగించేవాడు.

"వదిలినచోట నిలబడితేనే అది తలుపు," అనేవాడు.

నేను పక్కన మేకులు అందిస్తూ ఉండేవాణ్ణి. ఒకసారి ఆయన నాతో, "తలుపుకు మూడు మడతబందులు ఉంటే, మూడింటి చీలలూ ఒకే గీతమీద ఉండాలిరా. ఒకటి నూలుపోగంత పక్కకు పోయినా మిగిలిన రెండూ దానితో పోట్లాడతాయి. అప్పుడు తలుపు కిర్రుమంటుంది," అని చెప్పాడు.

నేను వడ్రంగం నేర్చుకోలేదు. చదువుకుని లెక్కల మేష్టర్ని అయాను. కాని నాన్న చెప్పిన బందుల సంగతి 2019 వేసవిలో నాకు పనికివచ్చింది. పనికివచ్చింది అనటంకన్న, దానివల్ల నాకు బుద్ధి వచ్చింది అనటం నిజం.

ఆ ఏడు మా అక్క కూతురు చిట్టి సెలవులకు మా ఇంటికి వచ్చింది. దానికప్పుడు పదకొండేళ్ళు. అది వచ్చేసరికి నేను నాన్న పనిచేసుకునే వసారాలో ఒక విమానం తయారుచేస్తున్నాను. మనం ఎక్కే విమానం కాదు, రేడియోతో నడిచే బొమ్మ విమానం. రెక్కల పొడవు ఈ కొసనుంచి ఆ కొసకు ఒక మీటరు. దాన్ని 5 మిల్లీమీటర్ల మందం గల ఫోం పలకలతో చేస్తున్నాను. ముందు చిన్న మోటారు, దానికొక పంకా, కడుపులో బ్యాటరీ. అన్నీ పెడితే బరువు అర కిలో లోపే.

"మామయ్యా, నేనేం చెయ్యను?" అన్నది చిట్టి.

"చూస్తూ ఉండు," అన్నాను.

"చూడటానికైతే అమ్మమ్మ దగ్గర టీవీ ఉందిగా!" అన్నది అది.

ఆ జవాబుకు నాకు నవ్వు వచ్చింది. "సరే, కీళ్ళు నువ్వు చెయ్యి," అన్నాను.

విమానానికి కీళ్ళేమిటని మీరు అనుకోవచ్చు. చిట్టి కూడా అదే అడిగింది. నేను దానికి ఒక అట్టముక్క ఇచ్చి బల్లమీద పంకా తిప్పాను. అట్టను పడుకోబెట్టి పట్టుకుంటే గాలి దాన్ని ఏమీ చెయ్యలేదు. అట్ట వెనక అంచును కొంచెం కిందికి మడిచి పట్టుకోమన్నాను. వెంటనే అట్ట పైకి లేవటం మొదలుపెట్టింది. అంచును పైకి మడిస్తే కిందికి దిగింది. మడిచిన అంచు గాలిని ఒక వైపుకు తోస్తుంది, గాలి అట్టను రెండోవైపుకు తోస్తుంది. విమానాన్ని తిప్పే కిటుకంతా ఇంతే.

రెక్కల వెనక అంచున, కొసలకు దగ్గిరగా, రెండు చిన్న రెక్కలు ఉంటాయి. వాటిని ఐలరాన్లు అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు చిన్న రెక్క అనే అర్థం. కుడి ఐలరాన్ పైకి లేస్తే ఎడమది కిందికి దిగుతుంది. అప్పుడు కుడి రెక్క కుంగి, ఎడమ రెక్క లేచి, విమానం కుడివైపుకు ఒరుగుతుంది. తోకమీద అడ్డంగా ఉండే పలక వెనక అంచును ఎలివేటర్ అంటారు. అది పైకి లేస్తే గాలి తోకను కిందికి తోస్తుంది, ముక్కు పైకి లేస్తుంది. తోకమీద నిలువుగా ఉండేది చుక్కాని. మా విమానంలో పని తగ్గించటానికి చుక్కానిని కదలకుండా అతికించేశాను. ఐలరాన్లూ, ఎలివేటరూ ఉంటే ఆ మాత్రం విమానాన్ని తిప్పుకోవచ్చు.

"మొదటి విమానానికి కూడా ఇవి ఉన్నాయా?" అని చిట్టి అడిగింది.

నిజానికి రైట్ సోదరుల విమానానికి ఐలరాన్లు లేవు. వాళ్ళు అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో సైకిళ్ళ దుకాణం నడిపేవాళ్ళు. 1899లో ఒకరోజు విల్బర్ రైట్ సైకిల్ ట్యూబు వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చేతిలో పట్టుకుని, మాటల్లో పడి రెండు కొసలనూ చెరోవైపుకు మెలితిప్పాడు. పెట్టె చిరగకుండా మెలి తిరిగింది. రెక్కలను కూడా ఇలాగే మెలితిప్పితే విమానాన్ని ఒరిగించవచ్చునని అతనికి తోచింది. 1903 డిసెంబరు 17న ఆర్విల్ రైట్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరిన విమానానికి కీలున్న చిన్న రెక్కలు లేవు, తాళ్ళతో మెలితిప్పే రెక్కలే ఉన్నాయి. కాని పెద్ద విమానాలకు గట్టి రెక్కలు కావాలి, గట్టి రెక్క మెలి తిరగదు. అందుచేత రెక్క గట్టిగానే ఉండి, దాని అంచు మాత్రం కీలుమీద తిరిగే పద్ధతి వచ్చింది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1868లోనే బోల్టన్ అనే ఇంగ్లీషువాడు ఇలాంటి దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. అప్పటికి ఎగిరే విమానమే లేదు!

ఈ కథంతా విని చిట్టి, "అంటే విమానమంతా కీలుమీదే ఆధారపడి ఉందన్నమాట," అన్నది. నేను అవునన్నాను. ఆ మాట నేను బాగా గుర్తు పెట్టుకుని ఉండవలిసింది.

కీలు చెయ్యటం తేలిక అనుకున్నది చిట్టి. ముందుగా అది ఒక పాత థెర్మోకోల్ ముక్కమీద ప్రయత్నించింది. థెర్మోకోల్ పూసలు పూసలుగా ఉండే పదార్థం గనక, వంచగానే పుటుక్కున విరిగింది, గది నిండా తెల్లటి పూసలు. తరవాత ఫోం పలకను రెండు ముక్కలు చేసి, పక్కపక్కన ఆనించి, పైన టేపు వేసింది. ఆ ముక్క పైకి చక్కగా లేచింది. కాని కిందికి దిగలేదు.

"ఎందుకు దిగటం లేదు, తాతయ్యా?" అని అది మా నాన్నను అడిగింది. నాన్న అప్పటికి పని మానేసి నాలుగేళ్ళయింది. ఆయన ఆ ముక్కను చేతిలోకి తీసుకుని, "రెండు అంచులూ ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయమ్మా. కింద చోటు లేదు. కొంచెం చిత్రిక పట్టాలి," అన్నాడు.

ఫోంకు చిత్రిక అక్కరలేదు. నాన్న ఒక చదరపు కర్రకు గరుకుకాగితం అంటించి ఇచ్చాడు. చిట్టి దానితో ఐలరాన్ ముందు అంచును కిందివైపున 45 డిగ్రీల ఏటవాలుగా రుద్దింది. పై అంచు మాత్రం సన్నగా, కత్తి అంచులాగా మిగిలింది. తరవాత నాన్న చెప్పినట్టు, పొడి అంతా మెత్తటి గుడ్డతో తుడిచేసింది. దుమ్ము ఉంటే టేపు దుమ్మును పట్టుకుంటుంది గాని, ఫోంను పట్టుకోదు.

ఇక అసలు పని. చిట్టి రెక్కనూ ఐలరాన్‌నూ బల్లమీద స్కేలు ఆనించి వరస చేసింది. రెంటి మధ్యా సన్నని గీతంత ఖాళీ ఉంచి, పైన కీలు పొడుగునా ఒకే టేపు పరిచింది. అప్పుడు ఐలరాన్‌ను పూర్తిగా పైకి తిప్పి, పుస్తకం తెరిచినట్టుగా రెక్క వీపుమీద పడుకోబెట్టింది. లోపలి రెండు అంచులూ పైకి వచ్చాయి. వాటిమీద రెండో టేపు వేసి, గీత దగ్గిర గోటితో నొక్కింది. రెండు టేపులూ ఆ గీతలో ఒకదానికొకటి అంటుకున్నాయి. అక్కడ జిగురు బయటికి కనపడదు గనక దుమ్ము పట్టదు; టేపు ఒకవైపు లేవబోతే రెండోది పట్టి ఉంచుతుంది.

"మధ్యలో మూడు ముక్కలు వేస్తే చాలదా?" అని చిట్టి అడిగితే, నాన్న తలుపు బందుల సంగతి చెప్పాడు. ముక్కలు ముక్కలుగా వేస్తే అన్నీ ఒకే గీతమీద ఉండాలి. ఒకే టేపు పొడుగునా వేస్తే గీత తప్పే భయం లేదు, పైగా సందులోంచి గాలి దూరదు. సందులోంచి గాలి పోతే ఐలరాన్ చేసే పని తగ్గిపోతుంది.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "టేపు ఎందుకే? పాత చీర అంచు ఇస్తాను, గుడ్డపట్టీ వెయ్యి," అన్నది. అమ్మ చెప్పింది తప్పు కాదు. గుడ్డ కీళ్ళు కూడా చేస్తారు. నారింజ తొనంత గుడ్డముక్కలను ఒకటి పైనుంచి కిందికీ, పక్కది కిందినుంచి పైకీ వచ్చేటట్టు అతికిస్తారు. దారంతో అదే పద్ధతిలో కుట్టేవాళ్ళు కూడా ఉన్నారు. అయితే మడత పడే గీతమీదికి జిగురు రాకూడదు. జిగురు ఆరి గట్టిపడితే కీలు బిగుసుకుపోతుంది, పదిసార్లు వంగాక అక్కడే చిట్లుతుంది. మేము తేలిక అని టేపునే వాడాం.

రెండు ఐలరాన్లకూ, ఎలివేటర్‌కూ కీళ్ళు వెయ్యటానికి చిట్టికి మూడు రోజులు పట్టింది. అది రెండు కీళ్ళు పీకి మళ్ళీ వేసింది. పని అయాక రెక్కను నిలువుగా పట్టుకుని ఊపి చూసింది. ఐలరాన్ దాని బరువుకు అదే జారి, ఎక్కడా తగలకుండా అటూ ఇటూ ఊగింది. నాన్న చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే పని బాగుందని అర్థం.

నేను చెయ్యవలిసింది మిగిలిన భాగం. ఐలరాన్‌ను తిప్పటానికి సర్వో అనే చిన్న యంత్రం ఉంటుంది. 9 గ్రాముల బరువు. మన చేతిలోని ట్రాన్స్‌మిటర్‌మీద కర్రను కదిలిస్తే, రేడియో అలలు అందుకుని ఈ సర్వో తన చిన్న చేతిని అంతే తిప్పుతుంది. ఆ చేతికీ ఐలరాన్‌కూ మధ్య సన్నని ఉక్కు తీగ. తీగను ఐలరాన్‌కు తగిలించటానికి ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క నిలబెట్టి అతికించాలి. దాన్ని మేము కొమ్ము అనేవాళ్ళం. తీగ తగిలే రంధ్రం సరిగ్గా కీలు గీతకు ఎదురుగా ఉండాలి. వెనక్కో ముందుకో పోతే ఐలరాన్ పైకి ఎక్కువా, కిందికి తక్కువా, లేక దానికి తిరగబడీ కదులుతుంది.

ఇందులో త్రాసు లెక్క కూడా ఉంది. సర్వో చేతిమీద రంధ్రం 8 మిల్లీమీటర్ల దూరంలో ఉండి, కొమ్ముమీద రంధ్రం కీలుకు 16 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, సర్వో 40 డిగ్రీలు తిరిగినప్పుడు ఐలరాన్ సుమారు 20 డిగ్రీలే తిరుగుతుంది. కదలిక సగమవుతుంది, బలం రెట్టింపవుతుంది. తీగలో కొద్దిగా వదులు ఉన్నా ఐలరాన్ దగ్గిర సగమే తెలుస్తుంది.

వదులు ఉంటే ఏమవుతుందో కూడా చిట్టికి చెప్పాను. జోరుగాలిలో జెండా అంచు ఎలా టపటపా కొట్టుకుంటుంది? కీలుగాని తీగగాని వదులుగా ఉంటే, విమానం వేగంగా పోయేటప్పుడు ఐలరాన్ అలాగే అదురుతుంది. బుర్రుమని చప్పుడు వస్తుంది. క్షణాల్లో కీలు తెగిపోవచ్చు. అందుకనే పెద్ద విమానాలలో కూడా కీలుకు ముందువైపు బరువు పెట్టి, వెనక బరువును సరితూచుతారు. మనలాంటివాళ్ళు ఐలరాన్ వెనక అంచుకు రంగూ, టేపూ దట్టంగా వెయ్యకుండా ఉంటే చాలు.

శనివారం సాయంత్రం నేను కొమ్ములు అతికిస్తున్నాను. ఆదివారం పొద్దున్నే ఎగరెయ్యాలని నా ఆత్రం. వేడి జిగురు తుపాకీ కరెంటుతో పనిచేస్తుంది, జిగురు కడ్డీని కరిగించి ముందుకు తోస్తుంది. రెండు ఐలరాన్ల కొమ్ములూ అతికించాను. ఎలివేటర్ కొమ్ము మిగిలింది. అంతలో కరెంటు పోయింది. పది నిమిషాలు చూశాను, రాలేదు. తుపాకీ ఇంకా వెచ్చగానే ఉంది. మీట నొక్కితే కొంచెం జిగురు చిక్కగా, బద్ధకంగా వచ్చింది. దానితోనే మూడో కొమ్ము అతికించేశాను. చేత్తో కదిపి చూస్తే కదలలేదు. చాలుననుకున్నాను.

మరునాడు పొద్దున ఆరింటికి ఎండిపోయిన చెరువులోకి వెళ్ళాం. మే నెల గనక చుక్క నీరు లేదు, గాలి కూడా లేదు. నేను విమానం వెనక నిలబడి కర్రలు కదిలించి చూశాను. కుడికి తిప్పితే కుడి ఐలరాన్ పైకి లేచింది. వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి లేచింది. ఇది ప్రతిసారీ చూసుకోవాలి. తీగలు తారుమారైతే కుడికి తిప్పితే విమానం ఎడమకు పోతుంది. అన్నీ సరిగా ఉన్నాయి. చిట్టి ఎత్తి పట్టుకుని, కొంచెం పరిగెత్తి, వదిలింది.

విమానం లేచింది! చెరువు చుట్టూ రెండుసార్లు తిరిగింది. చిట్టి గంతులు వేస్తూ కేకలు పెట్టింది. మూడోసారి తిరిగి వస్తూండగా నేను వేగం చూపించాలని ముక్కు దించాను. విమానం ఏటవాలుగా దూసుకువచ్చింది. కర్ర వెనక్కి లాగాను. ముక్కు లేవలేదు. ఇంకా లాగాను. లేవలేదు. అప్పుడే గట్టు దిగి ఇద్దరు కుర్రాళ్ళు గేదెలను తోలుకువస్తున్నారు. నేను పెట్టిన కేక నాకే వినిపించలేదు. విమానం వాళ్ళకు నాలుగు బారల దూరంలో ముక్కుతో నేలను పొడిచింది.

ఎవరికీ దెబ్బ తగలలేదు. పంకా విరిగింది, ముక్కు నలిగింది, ఎడమ ఐలరాన్ సగం ఊడి వేళ్ళాడుతోంది. నా కాళ్ళు వణుకుతున్నాయి. ఆ కుర్రాళ్ళలో చిన్నవాడికి ఏడేళ్ళుంటాయి. వాడు నవ్వుతూ పంకా ముక్క తెచ్చి నా చేతికిచ్చాడు. ఆ నవ్వు చూసేసరికి నాకు భయం ఇంకా ఎక్కువయింది. ఆ భయమంతా కోపంగా బయటికి వచ్చింది.

"చూశావా, నీ కీలు! గట్టిగా వెయ్యమంటే వేశావా? వదులై అదిరి ఊడిపోయింది. వాడికి తగిలి ఉంటే?" అని చిట్టిమీద అరిచాను.

చిట్టి తెల్లబోయింది. కొంచెంసేపు ఆగి, "ఐలరాన్ ఊడితే విమానం పక్కకు ఒరగాలిగా, మామయ్యా? అది తిన్నగానే పడింది. అదిరితే చప్పుడు వస్తుందన్నావు, రాలేదు," అన్నది.

"పెద్ద చెప్పొచ్చావు!" అన్నాను.

అది మరి మాట్లాడలేదు. ఇంటికి వచ్చేదాకా విమానం తోక పట్టుకుని నా వెనకే నడిచింది. ఆ రోజునుంచి వసారాలోకి రాలేదు. అమ్మమ్మ పక్కన కూచుని టీవీ చూసింది. మూడు రోజులకింద అది అన్న మాట నాకు గుర్తు వచ్చింది. చూడటానికైతే టీవీ ఉంది.

మంగళవారం నాడు నాన్న విరిగిన విమానాన్ని బల్లమీద పెట్టుకుని చూస్తున్నాడు. నన్ను పిలిచి, ఊడిన ఐలరాన్ టేపు చూపించాడు. టేపుకు లోపలివైపున ఫోం చర్మం పొరలు పొరలుగా అంటుకుని ఉంది.

"ఇది అతుకు ఊడటం కాదురా. టేపు పట్టు వదలలేదు, కింద పడ్డప్పుడు ఫోమే చిరిగింది. జిగురు కుదిరితే కర్ర చీలాలిగాని అతుకు ఊడకూడదు. చిట్టి అతుకు కుదిరింది," అన్నాడు.

తరవాత ఆయన తోక తిప్పాడు. ఎలివేటర్ కీలు చెక్కుచెదరలేదు. కాని దాని కొమ్ము తీగ కొసను వేళ్ళాడుతోంది. కొమ్ము అడుగున జిగురు ముద్ద కొవ్వొత్తి చుక్కలాగా నున్నగా మెరుస్తోంది. దానికి ఒక్క ఫోం నలక అయినా అంటలేదు. జిగురు చల్లారిపోయి పెట్టినట్టు అది తనే సాక్ష్యం చెబుతోంది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు నాన్న.

నేను జవాబు చెప్పలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు.

బడిలో నేను పిల్లలతో ఎప్పుడూ చెప్పేమాట ఒకటి ఉంది. లెక్క చెయ్యకుండా జవాబు మాత్రం రాస్తే మార్కులు ఇవ్వను. చెరువులో నేను చేసిన పని అదే. కర్ర లాగితే ముక్కు లేవలేదు, అంటే ఎలివేటర్ పనిచెయ్యలేదు. నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా, కంటికి కనబడ్డ ఊడిన ఐలరాన్ పట్టుకుని జవాబు రాసేశాను. ఎందుకంటే ఐలరాన్ కీలు నేను చేసింది కాదు.

ఆ సాయంత్రం అందరూ భోజనాలకు కూచున్నప్పుడు నేను చిట్టి ముందు ఆ కొమ్ము పెట్టాను. "చిట్టీ, తప్పు నాది. నీ కీళ్ళు బాగున్నాయి. కరెంటు పోయినప్పుడు చల్లారిన జిగురుతో నేను అతికించిన కొమ్ము ఊడింది," అన్నాను.

చిట్టి కొమ్మును అటూ ఇటూ తిప్పి చూసింది. "కర్ర లాగితే ముక్కు లేవలేదని నీకు అప్పుడే తెలుసా?" అని అడిగింది.

నాకు ముద్ద గొంతు దిగలేదు. "తెలుసు," అన్నాను.

అది చాలాసేపు ఆలోచించింది. "అయితే నీకు సున్నా మార్కులు," అన్నది. మా అక్క కోప్పడబోయింది. నాన్న ఆపి, "సరిగ్గానే దిద్దింది," అన్నాడు. మరునాడు పొద్దున చిట్టి వసారాలోకి వచ్చింది.

ఈసారి కొమ్ములు దాని ఎదుటనే చేశాను. పనికిరాని పాత ప్లాస్టిక్ కార్డునుంచి కత్తిరించి, అతికే భాగాన్ని గరుకుకాగితంతో రుద్దాం. నున్నటి ప్లాస్టిక్‌ను జిగురు పట్టుకోదు. కొమ్ముకు కింద రెండు కాళ్ళు ఉంచి, ఫోంలో సన్నని గాట్లు పెట్టి, వాటిగుండా రెండోవైపుకు దించాం. అవతలివైపు మరొక ప్లాస్టిక్ బిళ్ళకు ఆ కాళ్ళను దూర్చి అతికించాం. ఇప్పుడు జిగురు సరిగా పట్టకపోయినా కొమ్ము పైకి ఊడిరాదు. తుపాకీ బాగా కాగాక ముందు ఒక చెత్త ముక్కమీద పరీక్షించాం. మరీ వేడి జిగురు ఫోంను కరిగిస్తుంది, చల్లారిన జిగురు పట్టుకోదు. రెంటికీ మధ్య ఉండాలి. బజారులో దొరికే త్వరగా అంటుకునే జిగురు థెర్మోకోల్ జాతి ఫోంను తినేస్తుంది, దాన్ని వాడరాదు. కత్తీ, వేడి జిగురూ వాడేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

చిట్టి మరొక నియమం పెట్టింది. ఎగరేసే ముందు ప్రతి కొమ్మునూ, ప్రతి కీలునూ రెండు వేళ్ళతో పట్టుకుని లాగి చూడాలి. ఎవరు చేసిన దాన్ని వాళ్ళు చూడకూడదు. నా కొమ్ములు అది లాగుతుంది, దాని కీళ్ళు నేను లాగుతాను. చెరువు అవతలి గట్టుమీద ఒకరు కాపలా నిలబడి, ఎవరైనా వస్తే చెయ్యి ఊపాలి. ఇలాంటి విమానాలను ఎక్కడ ఎగరెయ్యవచ్చో, ఎక్కడ కూడదో ఇప్పుడు మన దేశంలో నియమాలున్నాయి. పెద్దవాళ్ళు ముందుగా అవి తెలుసుకోవాలి. విమానాశ్రయాల దగ్గిరా, జనం తలలమీదా అసలే కూడదు.

రెండో ఆదివారం కాపలాకు ఆ గేదెల కుర్రాళ్ళే నిలబడ్డారు. అంతకు ముందు రోజు నేను వాళ్ళ ఇంటికి వెళ్ళి, జరిగింది వాళ్ళ నాన్నకు చెప్పి వచ్చాను. ఈసారి మా నాన్న కూడా కర్ర పోటేసుకుంటూ చెరువుకు వచ్చాడు. చిట్టి నా కొమ్ములు ఒక్కొక్కటే లాగి చూసింది. మూడోదాన్ని రెండుసార్లు లాగింది. నేనేమీ అనలేదు.

విమానం లేచి ఒక చుట్టు తిరిగింది. ముక్కు కొద్దిగా దించి కర్ర లాగాను. ముక్కు లేచింది. మళ్ళీ దించాను, మళ్ళీ లేచింది. నాన్న చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు.

"ఒరేయ్, ఒకసారి చెయ్యి తియ్యి, చూద్దాం," అన్నాడు.

నేను కర్రలమీదినుంచి బొటనవేళ్ళు తీసేశాను. విమానం అటూ ఇటూ ఒరగకుండా, పైకీ కిందికీ పోకుండా, చెరువు ఈ గట్టునుంచి ఆ గట్టుకు తిన్నగా సాగిపోయింది.

"వదిలినచోట నిలబడింది," అన్నాడు నాన్న, చిట్టి తలమీద చెయ్యి వేసి.

ఊడిపోయిన కొమ్ము ఇప్పటికీ మా వసారాలో ఒక మేకుకు వేళ్ళాడుతోంది. చిట్టి సెలవులకు వచ్చినప్పుడల్లా అది అక్కడే ఉన్నదో లేదో ముందుగా చూసుకుంటుంది.